మాయకు కొలజాడీ: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 2

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఎంఆర్ఐ గది మా చేతికొచ్చింది. పదకొండున్నరకల్లా ఖాళీ చెయ్యాలి. మధ్యలో ఎమర్జెన్సీ కేసు వస్తే సామాను సర్దుకుని లేచిపోవాలి. ఇదీ ఒప్పందం. హైదరాబాద్‌లో పగలంతా నడుములు, మోకాళ్ల స్కాన్లతో ఊపిరాడని 1.5 టెస్లా మెషీన్ ఇది. దీని మీద నేను కొలవాలనుకుంటున్నది గర్భిణి మాయలో పారే నెత్తురు.

మాయ అంటే ప్లాసెంటా. కన్సెంట్ ఫారం తెలుగులో రాయడానికి కూర్చుని మొదట ‘జరాయువు’ అని రాశాను. పుస్తకాల్లో ఉండే మాట అదే మరి. టెక్నీషియన్ అన్న చదివి, “ఇదేం జంతువు మేడమ్?” అన్నాడు. అమ్మకి ఫోన్ చేస్తే, “మాయ అనకపోతే ఎవరికి తెలుస్తుందే?” అంది. కొట్టేసి మాయ అనే రాశాను.

ఈ పని ఎందుకో కూడా ఇక్కడే రాసి పెట్టుకుంటాను, మూడు నెలల తర్వాత విసుగు పుట్టినప్పుడు చదువుకోవడానికి. నెలలు నిండేసరికి మాయ అరకిలో తూగుతుంది. గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైచిలుకు తల్లి నెత్తురు వస్తుంది, అందులో ఎక్కువ భాగం మాయలోకే. మామూలుగా అయితే గర్భం మొదటి సగంలోనే అక్కడి మెలికల ధమనుల గోడల్లో కండ కరిగిపోయి మూతులు వెడల్పవుతాయి. నెత్తురు నెమ్మదిగా, మడిలోకి కాలవ నీరు పాకినట్టు వస్తుంది. అలా వెడల్పు కాకపోతే సన్నని మూతి నుంచి చిమ్ముతుంది. వేగం ఎక్కువ, పరిమాణం తక్కువ. గర్భిణికి బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా జబ్బులో, కడుపులోనే బిడ్డ ఎదుగుదల కుంటుపడే చాలా కేసుల్లో కథ ఇక్కడే మొదలవుతుంది.

అల్ట్రాసౌండ్‌తో నెత్తురు పారకం చూసే డాప్లర్ ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. కానీ అది గర్భాశయ ధమనిలో నెత్తురు ఏ తీరుగా కొట్టుకుంటోందో, ముందు ఎంత అడ్డు ఉందో చెబుతుంది. మాయలో ఏ మూలకి ఎంత నెత్తురు అందుతోందో చెప్పదు. తూము దగ్గర నిలబడి చివరి మడి సంగతి ఊహించడం లాంటిది.

జూన్ 9

ఏ పద్ధతిలో కొలవాలన్నది ఈ వారమంతా తెగలేదు. మా గైడ్ గారు మాత్రం మొదటి రోజే తేల్చేశారు: “మెషీన్‌లో ఏముందో అది వాడమ్మా. లేనిదాని కోసం ఏడవకు.”

స్కాన్‌లో నెత్తురు మెరవడానికి సూదితో ఇచ్చే గాడోలినియం మందు ఎక్కించే మాటే లేదు. అది మాయ దాటి బిడ్డలోకి, అక్కణ్నుంచి ఉమ్మనీటిలోకి పోతుంది. గర్భిణులకి తప్పనిసరైతే తప్ప ఇవ్వరు. పరిశోధన కోసమైతే అసలు ఇవ్వకూడదు.

నెత్తురుకే అయస్కాంతంతో గుర్తు పెట్టే ఏఎస్ఎల్ అందంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ వాళ్లు 1998 నాటికే మాయ మీద దాన్ని చేసి చూపించారు. మా మెషీన్‌లో ఉన్న ఏఎస్ఎల్ మెదడు కోసం అమ్మింది. మెడలో ధమనులన్నీ నిలువుగా పైకి పోతాయి కాబట్టి అక్కడ అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని దాటిన నెత్తురుకంతా గుర్తు పెడుతుంది. మాయకి అలాంటి గీత ఎక్కడ గీస్తాం? కుడి నుంచి ఒక ధమని, ఎడమ నుంచి ఒకటి, పైనుంచి అండాశయం వైపు కొమ్మలు, అన్నీ మెలికలే. సీక్వెన్స్, అంటే స్కాన్ తీసే ప్రోగ్రామ్, మార్చి రాయాలంటే కంపెనీతో రీసెర్చ్ ఒప్పందం కావాలి. ఆ మాట ఎత్తితే మా డిపార్ట్‌మెంట్‌లో నవ్వుతారు.

మిగిలినవి రెండు. ఒకటి ఫేజ్ కాంట్రాస్ట్, పారే ద్రవం వేగాన్ని కొలిచే స్కాన్, గుండె ప్యాకేజీతో పాటు వచ్చింది. బొడ్డుతాడు సిరలో నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పోతోందో నేరుగా కొలవచ్చు. రెండోది ఐవిఐఎం. నీటి అణువుల కదలికని చూసేది డిఫ్యూజన్ స్కాన్, ఆ కదలికని ఎంత గట్టిగా పట్టాలో చెప్పే అంకె బీ విలువ. డిఫ్యూజన్ స్కాన్‌నే చిన్న చిన్న బీ విలువలతో చాలాసార్లు తీసి, కదిలే నెత్తురు వాటా ఎంతో లెక్కగట్టడం. రెండూ ఏ మామూలు మెషీన్‌లో అయినా వస్తాయి. అందుకే నాకు నచ్చాయి. జిల్లా కేంద్రంలో చెయ్యలేని కొలత నాకెందుకు?

కానీ గర్భిణిని పడుకోబెట్టే ముందు, మెషీన్ చెప్పే అంకె నిజమో కాదో తెలియాలి. నిజమేమిటో ముందే తెలిసిన ఒక బొమ్మ కావాలి. ఫాంటమ్.

జూన్ 16

డయాలసిస్ విభాగంలో మూలన పడేసిన మెషీన్ ఒకటుంది. దాని రోలర్ పంపు ఇంకా తిరుగుతోంది. అక్కడి తమ్ముడు బ్రతిమాలించుకోకుండానే ఇచ్చాడు, పైగా ఎక్స్‌పైరీ దాటిన, సీలు తీయని డయలైజర్లు (డయాలసిస్‌లో నెత్తురు వడగట్టే గొట్టాలు) రెండు కూడా చేతిలో పెట్టాడు. వాడేసినవి ఇస్తానన్నా నేను తీసుకునేదాన్ని కాదు, అది వేరే సంగతి.

పంపులో ఇనుము ఉంది కాబట్టి అయస్కాంతం గదిలోకి రాకూడదు. కంట్రోల్ రూమ్‌లోనే పెట్టి, గోడలోని ఇత్తడి వేవ్‌గైడ్ గొట్టం గుండా ట్యూబు లోపలికి పంపాం. పోవడానికి ఆరు మీటర్లు, రావడానికి ఆరు.

ఈ రోజు స్కాన్ లేదు. బకెట్టు, కొలజాడీ, స్టాప్‌వాచ్, అంతే. పంపు స్క్రీన్ మీద నిమిషానికి 300 మిల్లీలీటర్లు అని పెట్టాను. ఒక నిమిషంలో జాడీలోకి వచ్చింది 262. మళ్లీ చేశాను, 260. మళ్లీ, 264. పాత ట్యూబు ముక్క మెత్తబడి, పీల్చేటప్పుడు నొక్కుకుపోతోంది. రోలర్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి స్క్రీన్ 300 అంటోంది తప్ప నీళ్లు చూసి కాదు. ఆ తమ్ముడిని అడిగితే, “మాకు తెల్సు మేడమ్, అందుకే పేషెంట్‌కి లైన్ ప్రెషర్ చూస్తూ ఉంటం” అన్నాడు.

ఇకనుంచి నాకు సత్యం అంటే జాడీలో అంకె.

జూన్ 20

ట్యూబు చుట్టూ కదలని పదార్థం ఉండాలి. ల్యాబ్ అగార్ ఖరీదు చూసి, కిరాణా కొట్లో చైనా గ్రాస్ ప్యాకెట్లు పది కొన్నాను. ఫలూదాలోకి వేసే జెల్లీ అదే అగార్. నీళ్లలో కాచి, టీ1 (స్కాన్‌లో కదిపిన నీరు మళ్లీ కుదుటపడే సమయం) తగ్గడానికి చిటికెడు మైలుతుత్తం కలిపి, ట్యూబు నిలబెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. చక్కటి లేత నీలం. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి వెళ్లొచ్చేసరికి అమ్మ చెంచా పట్టుకుని నిలబడి ఉంది.

డబ్బా నాలుగు వైపులా ఎర్ర స్కెచ్‌తో ‘విషం’ అని రాసి, ఆ రాత్రే ఆఫీసుకి మోసుకుపోయాను.

జూన్ 23

మొదటి స్కాన్. నవ్వొచ్చేలా ఉంది.

ఫేజ్ కాంట్రాస్ట్‌లో వేగం హద్దు ముందే చెప్పాలి, దాన్ని వెన్‌క్ అంటారు. నా ట్యూబు లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, నెలలు నిండేటప్పటి బొడ్డు సిర దాదాపు అంతే ఉంటుందని కావాలనే తెచ్చాను. 262 మిల్లీలీటర్లు అంటే సగటున సెకనుకి 8.7 సెంటీమీటర్లు. సగటు చూసి వెన్‌క్ 15 చాలనుకున్నాను. ట్యూబులో నీరు నిదానంగా పోయేటప్పుడు నడిమధ్యలో వేగం సగటుకి రెట్టింపు ఉంటుందన్నది ఇంటర్‌లోనే చదివాను, గుర్తుకు రాలేదు. మధ్యలో 17 దాటింది. బొమ్మలో ట్యూబంతా తెల్లగా, సరిగ్గా నడిమధ్యలో ఒక నల్లచుక్క. మెషీన్ లెక్కలో అక్కడ నీరు వెనక్కి పారుతోంది. అన్న వెంటనే, “బొడ్డులాగుంది మేడమ్” అన్నాడు.

వెన్‌క్ 25 చేస్తే చుక్క పోయింది. ప్రవాహం లెక్కేస్తే 309. జాడీ 262.

జూన్ 30

ఈ 47 మిల్లీలీటర్లు ఎక్కణ్నుంచి వచ్చాయో పట్టుకోవడానికి వారం పట్టింది.

మొదటి దొంగ పిక్సెల్. పోయిన వారం తొందరలో 2.5 మిల్లీమీటర్ల పిక్సెల్ పెట్టాను. అంటే వ్యాసం మొత్తానికి మూడు గళ్లు చిల్లర. అంచున ఉన్న గడిలో సగం నీరు, సగం జెల్లీ, కానీ గడి మొత్తాన్ని నీరుగానే లెక్కవేశాం. గుండ్రటి చెరువుని పెద్ద పెద్ద పలకలు పరిచి కొలిస్తే గట్టు కూడా చెరువులో కలిసినట్టు. వ్యాసానికి కనీసం నాలుగు పిక్సెళ్లు లేకపోతే ప్రవాహం అంకెని నమ్మొద్దని ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదే. పిక్సెల్ 1 మిల్లీమీటరు చేశాను. 283.

రెండో దొంగ జెల్లీలో దొరికింది. అది కదలదు కదా, దాని వేగం సున్నా రావాలి. సెకనుకి అర సెంటీమీటరు వస్తోంది. గ్రేడియంట్లు, అంటే చోటుని బట్టి అయస్కాంత బలాన్ని మార్చే చుట్టలు, మారేటప్పుడు మెషీన్ లోహపు భాగాల్లో పుట్టే సుడి ప్రవాహాల పని ఇది, బొమ్మంతటా కొద్దిగా తప్పుడు ఫేజ్, అంటే లేని వేగం, పూస్తుంది. అర సెంటీమీటరంటే ఏముంది అనిపిస్తుంది. ట్యూబు అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే నిమిషానికి 15 మిల్లీలీటర్లు. జెల్లీ అంకెని తీసేస్తే 268.

జాడీ 262, మెషీన్ 268. ఇది చాలు నాకు. పది రూపాయల చైనా గ్రాస్ లేకపోతే ఆ 15 మిల్లీలీటర్లు ఎవరి లెక్కలో కలిసేవో.

జూలై 7

జెల్లీకి బూజు పట్టింది. కొత్తది పోశాను. ఇంకేమీ జరగలేదు, ఎమర్జెన్సీ కేసు వచ్చి గది పోయింది.

జూలై 14

డయలైజర్ వంతు. చేతిలో పట్టుకుని చూస్తే మాయ గుర్తొస్తుంది. లోపల వెంట్రుకల్లాంటి సన్నని గొట్టాలు వేలల్లో, ఒక్కోటీ 200 మైక్రాన్లు. గొట్టాల లోపల ఒక ద్రవం, బయట ఇంకొకటి, రెండూ కలవవు, గోడ గుండా ఇచ్చిపుచ్చుకోవడమే. మాయలోనూ అంతే: చిగుళ్లలా కొమ్మలేసిన విల్లైల లోపల బిడ్డ నెత్తురు, వాటిని తడుపుతూ బయట తల్లి నెత్తురు. డయలైజర్ గోడలన్నీ పరిస్తే ఒకటిన్నర చదరపు మీటర్లుంటుంది. నెలలు నిండిన మాయ విల్లైలు పరిస్తే పది చదరపు మీటర్లు దాటుతుంది. మనిషి చేసినదాని స్థాయి అదీ.

మొదటి బొమ్మలో సగం డయలైజర్ నల్లగా చచ్చిపోయింది. గాలి బుడగలు. డిఫ్యూజన్ స్కాన్‌కి గాలి పక్కన ఉంటే పడదు, సిగ్నల్ తినేస్తుంది. నేను సిరంజితో తంటాలు పడుతుంటే డయాలసిస్ తమ్ముడికి వీడియో కాల్ చేశాం. “నిలబెట్టున్రి మేడమ్, కింది నుంచి నీళ్లు ఎక్కియ్యాలె. అరచేత్తో పక్కన కొట్టున్రి. గట్టిగ కాదు, పసిపిల్లకు తేపు తెప్పిచ్చినట్టు.” తట్టాను. బుడగలు ఒకదాని వెనక ఒకటి గొట్టాల మధ్య నుంచి జారి పైకి లేచి, పై మూతి దగ్గర గుంపుగా ఆగి, చిన్న శబ్దంతో బయటపడ్డాయి. ఇరవై నిమిషాలు తట్టాను. రోజూ నలభై డయలైజర్లు కట్టేవాడి చేతిలో ఉన్న విద్య ఏ పేపర్లోనూ రాయరు.

జూలై 21

ఇవాళ్టిది పెద్ద పాఠం, వివరంగా రాస్తాను.

పంపు ఆపి తీశాం. బీ విలువ పెరుగుతుంటే సిగ్నల్ బుద్ధిగా తగ్గింది. డిఫ్యూజన్ గుణకం దాదాపు చదరపు మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులు, సెకనుకి. గది ఉష్ణోగ్రత దగ్గర నీటికి ఉండాల్సిందే అది. బోణీ బావుంది.

పంపు వేశాం. గొట్టాల వెంబడి కొలిస్తే బీ 10 దగ్గరే సిగ్నల్ ఒక్కసారిగా జారిపోయింది, ఆ తర్వాత మళ్లీ నింపాదిగా తగ్గింది. అదే గొట్టాలకి అడ్డంగా కొలిస్తే ఆ మొదటి జారుడు దాదాపు లేదు. గొట్టాలన్నీ ఒకే దిక్కుకి ఉన్నాయి కాబట్టి ఇలా. మాయలో కొమ్మలు అన్ని దిక్కులకీ పోతాయి. కాబట్టి డయలైజర్ మాయకి పూర్తి నకలు కాదు, అది ఒప్పుకోవాలి.

అసలు విషయం తర్వాత. మొదట జారిన భాగం ఎంతో చెప్పే అంకెని ఎఫ్ అంటాం, పర్‌ఫ్యూజన్ ఫ్రాక్షన్ అని దాని పూర్తి పేరు. జాడీ లెక్కలో 130 పెట్టి తీశాను, 262 పెట్టి తీశాను. ప్రవాహం రెట్టింపయింది. ఎఫ్ కదల్లేదు.

ఆలోచిస్తే కదలకూడదు కూడా. ఎఫ్ అంటే ఈ గడిలో కదులుతున్న ద్రవం వాటా ఎంత అని. ఎంత జోరుగా కదులుతోందని కాదు. బస్సులో ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టి, బస్సు ఎంత వేగంగా పోతోందో చెప్పగలమా? వేగం సంగతి డీ స్టార్ అనే ఇంకో అంకె చెప్పాలి. అదేమో ఒకే రోజు మూడుసార్లు తీస్తే మూడు రకాలుగా వచ్చింది.

పేరులో పర్‌ఫ్యూజన్ ఉంది కదా అని ఎఫ్ తగ్గితే ‘రక్తప్రసరణ తగ్గింది’ అని రాసేస్తుంటారు. నేనూ నా ప్రాజెక్టు ప్రతిపాదనలో అదే మాట రాశాను, మూడో పేజీలో. ఇవాళ గైడ్ గారికి ఫోన్ చేసి ఆ పేజీ మారుస్తానన్నాను. “జాడీ చెప్పిందా?” అన్నారు. చెప్పింది.

ఆగస్టు 18

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. వాళ్లు పెట్టిన షరతు న్యాయమైనదే: పరిశోధన కోసమని ఏ గర్భిణినీ రప్పించకూడదు. ఎలాగూ డాక్టర్లు ఎంఆర్ఐ రాసినవాళ్లలో ఇష్టపడ్డవాళ్లకి, వాళ్ల స్కాన్ అయ్యాక, మరో ఎనిమిది నిమిషాలు.

అలాంటివాళ్లు మాకు తక్కువేం లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. పాత కోత మచ్చ మీద మాయ అతుక్కుని, గర్భసంచి గోడలోకి వేళ్లు దిగితే దాన్ని అక్రీటా అంటారు. కాన్పులో ప్రాణం మీదికొచ్చే రక్తస్రావం. అనుమానం ఉంటే ఆపరేషన్ ముందు ఎంఆర్ఐ రాస్తారు. మా క్యూ అక్కణ్నుంచే.

సెప్టెంబర్ 8

మొదటి ఆమె. ముప్పై ఒకటో వారం. ఇంతకుముందు ఒక సిజేరియన్. వెంట అత్తగారు వచ్చింది. గది తలుపు మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు ఉంది. ఆమె దాని కిందే నిలబడి నన్ను అడిగింది: “దీంట్ల బాబా పాపా కనవడ్తదా బిడ్డా?”

“మేం చెప్పంగదమ్మా. చెప్తే జైలే.”

“ఊకె అడిగిన లే.”

డాక్టరమ్మ స్కాన్ అయ్యింది. అక్రీటా లేదట, అత్తగారు గోడకి దండం పెట్టింది. తర్వాత నా ఎనిమిది నిమిషాలు. వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే బరువంతా వెన్నెముక పక్కనున్న పెద్ద సిర మీద పడి తల్లికి కళ్లు తిరుగుతాయి, పైగా నేను కొలవబోయే ప్రవాహమే తగ్గిపోతుంది. ఎడమ వైపు తిప్పి, వీపు కింద, మోకాళ్ల మధ్య దిండ్లు పెట్టాం. చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్‌లు, వాటిపైన హెడ్‌ఫోన్.

ఐవిఐఎం మొదలైంది. మైకులో అడిగాను, “బాగానే ఉందా?” అని. “నాకు మంచిగనే ఉందక్కా. చప్పుడుకు లోపల తన్నుతున్నది.”

బొడ్డు సిర కోసం కోత పెట్టడం ఫాంటమ్‌లో రెండు నిమిషాల పని. ఇక్కడ తాడు మెలికలు తిరిగి ఉంది, సిరకి సరిగ్గా అడ్డంగా కోత పెట్టేలోపు తాడు జరిగిపోతోంది. బిడ్డ పొట్టలోకి వచ్చాక సిర కాసేపు నిటారుగా పోతుంది, అక్కడ పెట్టాం. మొదటి ప్రయత్నంలో బిడ్డ తిరిగింది. రెండోది నిలిచింది. ఎనిమిదో నిమిషం అయ్యింది, ఆపేశాను. ఇంకో రెండు నిమిషాలు అడిగితే ఆమె సరే అనేదే. ఫారంలో ఎనిమిది అని రాశాం కాబట్టి ఎనిమిదే.

సెప్టెంబర్ 10

కంప్యూటర్ ముందు రెండు రాత్రులు.

ఐవిఐఎంని రెండు పరుగులుగా తీశాను. మొదటిదాంట్లో మాయ మొత్తానికి ఎఫ్ 0.31. రెండోదాంట్లో 0.24. నాలుగు నిమిషాల తేడాతో, అదే మాయ, అదే మనిషి. కదలిక వల్ల అనుకుని బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా తిప్పాను. రెండో పరుగు మధ్యలో మాయ వెనక ఉన్న గర్భసంచి గోడ మందమైంది, మాయ పొట్టిగా, లావుగా ముడుచుకుంది. తర్వాత మెల్లగా మళ్లీ పరుచుకుంది. ఆమెకి తెలియను కూడా తెలియదు, నొప్పి అనలేదు.

నాటింగ్‌హామ్ వాళ్లే 2020లో ఇది రాశారు: మాయ, దాని కింది గోడ అప్పుడప్పుడు బిగిసి, లోపలి నెత్తురుని పిండి బయటికి తోస్తాయని. చదివాను. చదవడం వేరు, మన స్క్రీన్ మీద అది ముడుచుకోవడం వేరు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

దీంతో నా పద్ధతికి ఒక చిక్కు. చిన్న బీ విలువలు ముందు, పెద్దవి తర్వాత వరసగా తీస్తున్నాను. మధ్యలో బిగిస్తే మొదటి సగం వదులు మాయది, రెండో సగం బిగిసిన మాయది. రెంటినీ కలిపి ఒకే గీత గీస్తే వచ్చే ఎఫ్ ఎవరిదీ కాదు. 0.24ని పక్కన పెట్టేశాను. ఇకమీదట పొడుగు పరుగు ఒకటి కాకుండా, నలభై సెకన్ల పొట్టి పరుగులు ఆరు. ప్రతిదాని మొదట్లో బీ సున్నా బొమ్మ, గోడ మందం చూసుకోవడానికి.

బొడ్డు సిర సంగతి. ప్రవాహం అంకె వచ్చింది. బిడ్డ అంచనా బరువుతో భాగిస్తే కిలోకి, నిమిషానికి 130 చిల్లర. పుస్తకాల్లో ఉండే నూరూ నూటిరవై పక్కనే ఉంది. గైడ్ గారికి పంపబోతూ పిక్సెళ్లు లెక్కపెట్టాను. సమయం కోసం 2 మిల్లీమీటర్లు పెట్టాం. సిర వ్యాసం ఆరు. మూడు గళ్లు.

జూన్ 23న ట్యూబులో మూడు గళ్ల వల్లే 26 మిల్లీలీటర్లు ఎక్కువ వచ్చాయి. ఇక్కడ వచ్చినదాంట్లో ఎంత నెత్తురో, ఎంత అంచో. పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలాను.

సెప్టెంబర్ 15

గది దొరికింది. 6 మిల్లీమీటర్ల ట్యూబు కొత్తది తెచ్చాను, ముప్పై ఒకటో వారం సిరకి సరిపోయేది. పిక్సెల్ 1.2కి దించి, ఒక్కో స్కాన్ ఒక నిమిషం దాటకుండా చెయ్యాలి. ఇవాళ మూడు సెట్టింగులు చూశాం. ఒకటి జాడీకి పది మిల్లీలీటర్ల దగ్గరికి వచ్చింది, కానీ నిమిషంన్నర పట్టింది. రేపు ఇంకో ప్యాకెట్ చైనా గ్రాస్ కొనాలి, దీనిక్కూడా అంచున బూజు మొదలైంది.